కరెంటు పెట్టిన నోరు: తల, మెడ క్యాన్సర్ రేడియోథెరపీలో నోటి సంరక్షణ

తల, మెడ భాగాల క్యాన్సర్‌కు ఇచ్చే రేడియోథెరపీని మన ఊళ్లలో "కరెంటు పెట్టడం" అంటారు. తీగలుండవు, షాకు ఉండదు. మిషను కింద పడుకున్న పది పదిహేను నిమిషాలూ ఒంటికి ఏమీ తెలియదు. తెలిసేదంతా తర్వాతే. రెండో వారం దాటేసరికి నోరు పూస్తుంది. మూడో వారానికి ముద్ద దిగదు. ఉమ్మి మొదట జిగురవుతుంది, తర్వాత ఎండిపోతుంది. అన్నం నోట్లో మట్టిలా ఉంటుంది. చికిత్స ముగిసిన కొన్ని నెలలకు పళ్లు మొదళ్ల దగ్గర నల్లబడి విరుగుతాయి, దవడ పట్టేస్తుంది. కొందరికి ఏళ్లు గడిచాక దవడ ఎముకే చిగురు చీల్చుకుని బయటపడుతుంది. వీటిలో కొన్నిటిని రాకుండా ఆపవచ్చు, కొన్నిటిని తగ్గించవచ్చు, మిగిలినవాటితో రోగి బతుకు నడిచేలా చూడవచ్చు. ఆ పనినే నోటి సంరక్షణ అంటారు. అది మొదటి కరెంటుకు ముందే మొదలవ్వాలి, రోగి బతికినన్నాళ్లూ సాగాలి.

భారతదేశంలో పెదవి, నోటి క్యాన్సర్ కొత్త కేసులు 2022లో 1,40,000 పైనే అని ప్రపంచ క్యాన్సర్ గణాంకాల నివేదిక గ్లోబోకాన్ అంచనా. గొంతు, స్వరపేటిక క్యాన్సర్లు దీనికి అదనం. గుట్కా, ఖైనీ, పాన్, బీడీ, చుట్ట, మద్యం ముఖ్య కారణాలు. తెలుగు నేలకు ఇందులో ఒక ప్రత్యేక చరిత్ర ఉంది. శ్రీకాకుళం, విశాఖ ప్రాంతాల్లో, ముఖ్యంగా ఆడవాళ్లలో, చుట్ట నిప్పు కొసను నోట్లో పెట్టుకుని కాల్చే "అడ్డపొగ" అలవాటు ఉండేది. దానివల్ల అంగిలికి క్యాన్సర్ వస్తోందని కోస్తాంధ్ర వైద్యులు డి. గోవిందరెడ్డి, వి.కె. రావు 1957లోనే వైద్య పత్రికలో రాశారు. డెన్మార్క్ శాస్త్రవేత్త పిండ్‌బోర్గ్ బృందం శ్రీకాకుళం జిల్లాలో చేసిన సర్వే 1971లో అచ్చయింది. అప్పటినుంచీ ప్రపంచ నోటి వైద్య గ్రంథాల్లో అడ్డపొగ గురించి రాసినప్పుడల్లా ఆ జిల్లా పేరు వస్తూనే ఉంది.

చికిత్స తీరు, నోటి మీద పడే భారం

రేడియేషన్ మోతాదును గ్రేలలో కొలుస్తారు. నోటి, గొంతు క్యాన్సర్‌కు సాధారణంగా రోజుకు 2 గ్రేల చొప్పున, వారానికి అయిదు రోజులు, ఆరున్నర నుంచి ఏడు వారాలపాటు మొత్తం 66 నుంచి 70 గ్రేలు ఇస్తారు. ఆపరేషన్ తర్వాత ఇచ్చేటప్పుడు 60 నుంచి 66 గ్రేలు సరిపోతాయి. జబ్బు ముదిరినవారికి సిస్‌ప్లాటిన్ కీమో తోడవుతుంది. కీమో తోడైతే క్యాన్సర్ మీద దెబ్బ పెరుగుతుంది, నోటిపూత కూడా పెరుగుతుంది.

ఈ లెక్కలో రోజులకు చాలా విలువ ఉంది. మధ్యలో విరామం దొరికితే క్యాన్సర్ కణాలు తేరుకుని వేగంగా పెరుగుతాయి. డెన్మార్క్‌లో వారానికి అయిదు బదులు ఆరు రోజులు రేడియేషన్ ఇచ్చి పోల్చి చూశారు. ఫలితాలు 2003లో వచ్చాయి. అయిదేళ్ల తర్వాత, పుట్టినచోటా మెడలోనూ క్యాన్సర్ అదుపులో ఉన్నవారు అయిదు రోజుల వర్గంలో 60 శాతం, ఆరు రోజుల వర్గంలో 70 శాతం. మొత్తం మోతాదు ఒకటే, ముగించిన వేగం మాత్రమే వేరు. నోటిపూత భరించలేక వారం పది రోజులు ఊరికి వెళ్లిపోయిన రోగి సరిగ్గా దీనికి వ్యతిరేక దిశలో నడుస్తున్నట్టు లెక్క. ఉప్పునీళ్ల పుక్కిలింతకు, నొప్పి మాత్రకు, రాగి జావకు ఇంత ప్రాధాన్యం ఇవ్వడం ఇందుకే. అవి రోగిని సోమవారం మళ్లీ మిషను దగ్గరికి తీసుకొస్తాయి.

పొగాకు సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. చికిత్స జరుగుతున్నా పొగ మానని రోగుల్లో క్యాన్సర్ పూర్తిగా కరిగినవారు 45 శాతం, మానినవారిలో 74 శాతం అని కెనడా వైద్యుడు బ్రౌమన్ బృందం 1993లో చూపింది. "ఇప్పుడు మానేసి ఏం లాభం" అని అడిగే మనిషికి ఈ రెండు అంకెలూ చెప్పాలి.

మొదటి కరెంటుకు ముందు

రేడియేషన్ మొదలయ్యే ముందు రోగి దంతవైద్యుడి దగ్గర కూర్చోవాలి. మన దగ్గర ఎక్కువగా తప్పిపోయే మెట్టు ఇదే, నష్టం ఎక్కువ జరిగేదీ ఇక్కడే. పుచ్చి వేరుదాకా పోయిన పళ్లు, బాగా కదిలే పళ్లు, సగం మొలిచి చీము పట్టే జ్ఞానదంతాలు, మరీ ముఖ్యంగా ఎక్కువ మోతాదు పడే కింది దవడలో ఉన్నవి, ముందే తీసేయాలి. తీశాక గాయం మానడానికి కనీసం పది రోజుల నుంచి రెండు వారాలు కావాలి, మూడు వారాలు దొరికితే మరీ మంచిది. బాగుచేయగలిగిన పళ్లను నింపి, గార తీసి, గరుకు అంచులను నున్నగా చేయాలి. లేకుంటే పూసిన బుగ్గకు ప్రతి కదలికలోనూ ఆ అంచు గీసుకుంటుంది.

"కరెంటు పెట్టేముందు పళ్లన్నీ పీకేస్తారంట" అనే భయం వార్డుల్లో తరచూ వినిపిస్తుంది. అన్నీ పీకడం పాత పద్ధతి. నిలబెట్టుకోగల పన్నును, రోగి దాన్ని శ్రద్ధగా చూసుకోగలిగితే, ఉంచడమే ఇప్పటి తీరు. ఆ నిర్ణయంలో పన్ను స్థితితోపాటు మనిషి స్థితి కూడా లెక్కలోకి వస్తుంది. ఆరు నెలలకోసారి వంద కిలోమీటర్లు వచ్చి చూపించుకోలేని కూలి మనిషి నోట్లో అనుమానాస్పదమైన పన్నును వదిలేసి పంపడం దయ అనిపించుకోదు.

రోగి నోరు ఎంత తెరుచుకుంటుందో మిల్లీమీటర్లలో కొలిచి, ఆ రోజు బరువుతోపాటు చీటీలో రాసుకోవాలి. తర్వాత దవడ పట్టేసిందో లేదో తేల్చడానికి ఆ అంకె తప్ప వేరే ఆధారం ఉండదు.

ఈ రోజుల్లోనే మౌల్డ్ రూమ్‌లో మాస్కు తయారవుతుంది. వేడి నీళ్లలో మెత్తబడిన, సన్నటి చిల్లులున్న తెల్లటి ప్లాస్టిక్ పలకను తీసి ముఖం మీద పరుస్తారు. గోరువెచ్చగా తాకుతుంది. టెక్నీషియన్ వేళ్లతో ముక్కు వంపు, గడ్డం కింద, భుజాల దాకా ఒత్తుతాడు. కొన్ని నిమిషాల్లో అది గట్టిపడి ఆ మనిషి ముఖమే అచ్చుపోసినట్టు నిలుస్తుంది. ఇక రోజూ ఆ అచ్చులోనే తల కదలకుండా బల్లకు బిగిస్తారు. చాలాచోట్ల పళ్ల మధ్య ఒక దిమ్మ పెట్టి నోరు తెరిచి ఉంచుతారు. నాలుకకు చికిత్స ఇస్తుంటే అంగిలి, అంగిలికి ఇస్తుంటే నాలుక కిరణాలకు దూరంగా జరగడానికి ఈ చిన్న దిమ్మ బాగా పనికొస్తుంది. లోహంతో నింపిన పన్ను ఉంటే కిరణాలు దాన్ని తాకి పక్కనున్న బుగ్గ మీదికి చెదురుతాయి. ఆ పన్నుకూ బుగ్గకూ మధ్య కొన్ని మిల్లీమీటర్ల మందాన అడ్డు పెడితే ఆ పుండు తప్పుతుంది.

నోటిపూత

నోటి లోపొర తనను తాను రెండు వారాల లోపే కొత్తగా మార్చుకుంటుంది. వేగంగా విభజించుకునే కణాలను కొట్టడమే రేడియేషన్ పని కాబట్టి ఆ దెబ్బ దీనికీ తగులుతుంది. పై పొర రోజూ రాలుతుంటుంది, కింద నుంచి కొత్తది రాదు. అయితే కథ అంత సూటిగా లేదని అమెరికా నోటివైద్యుడు స్టీఫెన్ సోనిస్ 2004లో వివరించాడు. పుండు కంటికి కనబడకముందే లోపల రక్తనాళాలు, అడుగు కణజాలం దెబ్బతిని వాపు సంకేతాలు మొదలవుతాయి. అవి ఒకదాన్నొకటి ఎగదోసుకుంటూ పోయి చివరికి పైపొర చిట్లుతుంది. చిట్లినచోట సూక్ష్మజీవులు చేరి మంటను ఇంకా పెంచుతాయి. చికిత్స ముగిశాకే మానే దశ వస్తుంది.

వారాల లెక్కన చూస్తే, మొదటి వారం ఏమీ ఉండదు. రెండో వారంలో బుగ్గ లోపల, నాలుక పక్కల, మెత్తటి అంగిలి మీద ఎర్రదనం వస్తుంది. 30 గ్రేల ప్రాంతంలో తెల్లటి పొర కప్పిన పుండ్లు మొదలై, ఒకదానితో ఒకటి కలిసిపోతాయి. చివరి వారాల్లో ఉధృతంగా ఉంటుంది. ముగిశాక వారం పది రోజులదాకా తగ్గినట్టే ఉండదు. చాలామంది ధైర్యం కోల్పోయేది ఈ రోజుల్లోనే కాబట్టి ముందే చెప్పి ఉంచాలి. మామూలుగా రెండు నుంచి నాలుగు వారాల్లో, కీమో కూడా తీసుకున్నవారికి ఇంకొంచెం ఎక్కువ కాలంలో మానుతుంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ కొలబద్ద తినడాన్ని బట్టి ఉంటుంది. మంట, ఎర్రదనం ఉంటే 1. పుండ్లున్నా అన్నం తినగలిగితే 2. ద్రవాలే దిగితే 3. నోటితో ఏదీ పోకపోతే 4. వైద్యుడు టార్చి వేసి చూసేలోపు "పొద్దున ఏం తిన్నావు?" అన్న ఒక్క ప్రశ్నకు వచ్చే జవాబే సగం రోగనిర్ధారణ.

ఇంట్లో నోరు పూస్తే "వేడి చేసింది" అని మజ్జిగ తాగి, బీ-కాంప్లెక్స్ మాత్ర వేసుకునే అలవాటు మనది. ఈ పూత ఆ వేడి వల్ల వచ్చింది కాదు, ఆ మాత్రకు తగ్గదు. దీనికి మొదటి మందు శుభ్రత. కాచి చల్లార్చిన లీటరు నీళ్లలో ఒక చెంచా ఉప్పు, ఒక చెంచా వంట సోడా కలిపి సీసాలో పోసి పక్కన పెట్టుకోవాలి. రెండు మూడు గంటలకోసారి, తిన్న ప్రతిసారీ, రాత్రి మెలకువ వచ్చినప్పుడూ ఒక గుక్క తీసుకుని, బుగ్గలు ఉబ్బించి మెల్లగా కదిపి ఉమ్మేయాలి. గరగరా పుక్కిలిస్తే పుండ్లు చిట్లుతాయి. సోడా జిగురును కరిగిస్తుంది, పులుపును విరుస్తుంది. మిశ్రమం రోజూ కొత్తగా కలుపుకోవాలి. చిన్నపిల్లలు వాడే మెత్తటి బ్రష్‌ను గోరువెచ్చటి నీళ్లలో కాసేపు ఉంచితే ఇంకా మెత్తబడుతుంది. పుదీనా ఘాటున్న పేస్టు మండుతుంది, ఘాటులేనిది వాడాలి. వేపపుల్ల, బొగ్గుపొడి, ఉప్పురాయి ఈ ఏడు వారాలూ దూరం. ఆల్కహాల్ కలిసిన మౌత్‌వాష్‌లు కూడా అంతే. కట్టుడు పళ్లు తీసి నీళ్లలో ఉంచాలి.

మందుల్లో బెంజిడమైన్ పుక్కిలింతకు గట్టి ఆధారాలున్నాయి. దాన్ని మొదటి రోజు నుంచే మొదలుపెట్టాలి, నోరు పూశాక మొదలుపెడితే మంట ఎక్కువై మానేస్తారు. దంతవైద్యులు అలవాటుగా రాసే క్లోర్‌హెక్సిడిన్ ఈ పూతను ఆపదని అంతర్జాతీయ మార్గదర్శకాలు చెబుతున్నాయి. సుక్రాల్ఫేట్ కూడా పనిచేయదు. ఎర్రటి కాంతిని తక్కువ శక్తితో నోటి లోపొర మీద ప్రసరింపజేసే ఫోటోబయోమాడ్యులేషన్ పద్ధతి పూత తీవ్రతను తగ్గిస్తుందని చాలా పరిశోధనల్లో తేలింది. హీలియం నియాన్ లేజర్‌తో మణిపాల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు చేసిన పరీక్ష 2012లో ప్రచురితమై ఈ విషయంలో తరచూ ప్రస్తావనకు వస్తుంది. కానీ రోజూ కొంత సమయం, మనిషి, పరికరం కావాలి. రద్దీ ఉండే ప్రభుత్వ ఆసుపత్రిలో అది సులువు కాదు.

తేనె, పసుపు సంగతి ప్రతి ఇంట్లోనూ అడుగుతారు. రేడియేషన్‌కు ముందూ వెనకా తేనెను నోట్లో తిప్పి మింగితే పూత కొంత తగ్గుతుందని చిన్న పరీక్షల్లో కనిపించింది. మార్గదర్శకాలూ దాన్ని సూచన స్థాయిలో ఒప్పుకున్నాయి. తేనెలో చక్కెర ఉంటుంది, పులుపు గుణమూ ఉంటుంది. ఉమ్మి లేని నోట్లో పళ్లకు అది ముప్పు. మధుమేహం ఉన్నవారికి చెప్పనక్కరలేదు. మంగళూరు పరిశోధకులు పసుపు పుక్కిలింతను పోవిడోన్ అయోడిన్‌తో పోల్చి, 2014లో మంచి ఫలితం చూపారు. ఆశ కలిగించే పని, కానీ పరీక్ష చిన్నది. వైద్యుడికి చెప్పి వాడుకుంటే తప్పులేదు, రాసిన మందులు మానేసి వాడితే తప్పే.

నొప్పి విషయంలో మొహమాటం పనికిరాదు. లిగ్నోకైన్ జెల్ అన్నానికి ముందు రాసుకుంటే కాసేపు మొద్దుబారి ముద్ద దిగుతుంది. డాక్సెపిన్ అనే మందును నీళ్లలో కలిపి పుక్కిలిస్తే నొప్పి తగ్గుతుందని అమెరికాలో జరిగిన పరీక్ష 2019లో చూపింది. ఆ మేలు కొన్ని గంటలు ఉంటుంది. పుండ్లు కలిసిపోయిన దశలో ట్రమడాల్, మార్ఫిన్ అవసరమవుతాయి. మార్ఫిన్ అంటే ఇంక చివరి దశే అనుకుని ఇంటివాళ్లు మాత్రలు దాచేస్తుంటారు. ఇక్కడ దాన్ని వాడేది కొన్ని వారాలు నోటితో తినగలగడానికి, పూత మానాక మెల్లగా ఆపేస్తారు. దానితోపాటు మలబద్ధకానికి మందు తప్పనిసరిగా రాయాలి.

కంచం

కంచం ముందు కూర్చున్న మనిషిని చూస్తే ఈ జబ్బు అసలు బరువు తెలుస్తుంది. పప్పు, కూర, చారు అన్నీ వేసి ఉంటాయి. ముద్ద కలిపి నోటిదాకా తెచ్చి, ఆగి, మళ్లీ కంచంలోనే పెట్టేస్తాడు. వడ్డించిన భార్యకు కోపం, దిగులు రెండూ. మిరపకాయ, చింతపండు, ఆవకాయ, నిమ్మ పులిహోర మీద పెరిగిన నోటికి చప్పిడి పథ్యం పెట్టడం తేలిక కాదు. అయినా కారం, పులుపు, బాగా వేడిగా ఉన్నవి, గారెల్లాంటి గరుకు వస్తువులు ఆపాల్సిందే.

క్యాన్సర్ రోగికి కిలో బరువుకు రోజుకు ఒకటి నుంచి ఒకటిన్నర గ్రాముల ప్రొటీన్ కావాలి. 60 కిలోల మనిషికి 60 నుంచి 90 గ్రాములు. గుడ్డుకు ఆరు గ్రాములే. గంజి, కొబ్బరినీళ్లు తాగించి "బాగానే తీసుకుంటున్నాడు" అనుకుంటే బరువు పడిపోతూనే ఉంటుంది. మెత్తగా కలిపిన పెరుగన్నం, నెయ్యి వేసిన పప్పన్నం మిక్సీ పట్టినది, పాలలో కాచిన రాగి జావలో వేరుశనగ పొడి, పాలలో గిలక్కొట్టి ఉడికించిన గుడ్డు, చల్లటి మిల్క్‌షేక్, ముల్లు తీసి మెదిపిన చేప, ఇవన్నీ దిగుతాయి. రోజుకు మూడు పూటలు కాకుండా ఆరేడుసార్లు కొంచెం కొంచెం తీసుకోవాలి. నొప్పి మాత్ర వేసుకున్న అరగంటకు తినడం ఉత్తమం.

వారం వారం బరువు చూస్తూ, తగ్గుదల ఆగకపోతే ముక్కుగొట్టం వేస్తారు. గొట్టం అంటే ఓటమి అని రోగి అనుకుంటాడు. నిజానికి చాలామందికి అది కొన్ని వారాల ఏర్పాటే. గొట్టం ఉన్నా రోజూ కొన్ని గుక్కలైనా మింగుతూనే ఉండాలి. వాడని మింగుడు కండరాలు బిగుసుకుపోయి, తర్వాత ప్రతి ముద్దా పొలమారుతుంది.

రుచి రెండో వారం నుంచే పోతుంది. ముగిశాక కొన్ని నెలల్లో, కొందరికి ఏడాదికి తిరిగి వస్తుంది. జింక్ మాత్రల మీద ఫలితాలు నిలకడగా లేవు.

నోట్లో తెల్లటి మరకలు గోకితే వచ్చేసి కింద ఎర్రగా కనిపిస్తే, పూత ఉన్నట్టుండి బాగా మండితే, పెదవి మూలలు చిట్లితే కాండిడా బూజు పట్టిందని అనుమానించాలి. క్లోట్రిమజోల్ పూత లేదా ఫ్లూకొనజోల్ మాత్రలతో కొద్ది రోజుల్లో తగ్గుతుంది. గుర్తించకపోవడం వల్లే చాలామంది అనవసరంగా బాధపడతారు.

ఉమ్మి

మనిషి నోట్లో రోజుకు అర లీటరు నుంచి లీటరున్నర దాకా ఉమ్మి ఊరుతుంది. ఉన్నన్నాళ్లూ ఎవరూ పట్టించుకోరు. నమిలేటప్పుడు వచ్చే పల్చటి ఉమ్మిలో ఎక్కువ భాగం చెవుల ముందున్న పెరోటిడ్ గ్రంథులది. మామూలు వేళల్లో నోటిని తడిగా ఉంచేది ఎక్కువగా దవడ కింద ఉండే గ్రంథులు. పెరోటిడ్ కణాలు రేడియేషన్‌కు చాలా త్వరగా లొంగిపోతాయి. మొదటి వారంలోనే ఊట తగ్గడం మొదలై, మిగిలింది తీగలు సాగే జిగురవుతుంది. నాలుక పిడచకట్టుకుపోయి రాత్రి నాలుగైదుసార్లు లేవాల్సి వస్తుంది. మాట తడబడుతుంది. అన్నం మెతుకు గొంతులో అతుక్కుపోతుంది.

ఈ విషయంలో అసలైన మేలు మిషను దగ్గరే జరిగింది. ఒక్కో పెరోటిడ్‌కు సగటు మోతాదు 26 గ్రేలు దాటకపోతే ఉమ్మి చాలావరకు తిరిగి వస్తుందని మిషిగన్ విశ్వవిద్యాలయంలో ఐస్‌బ్రూక్ బృందం 1999లో లెక్కగట్టింది. కిరణాల తీవ్రతను చుక్కచుక్కకూ మార్చి గ్రంథుల పక్కనుంచి వంచినట్టు పంపే ఐఎంఆర్‌టీ పద్ధతికి ఇది దారి చూపింది. బ్రిటన్‌లో 94 మందితో జరిగిన పార్స్‌పోర్ట్ పరీక్ష 2011లో వెలువడింది. ఏడాది తర్వాత ఇబ్బందిపెట్టే స్థాయిలో నోరెండినవారు పాత పద్ధతిలో 74 శాతం, ఐఎంఆర్‌టీలో 38 శాతం. దాదాపు సగానికి సగం. పాత పద్ధతికీ ఐఎంఆర్‌టీకీ తేడా ఏమిటని అడిగే రోగికి చెప్పదగిన జవాబు ఈ అంకెల్లో ఉంది.

ఎండిన నోటికి నీళ్ల సీసా నిత్య సహచరి. గుక్కలు చిన్నవిగా, తరచుగా తీసుకోవాలి. చక్కెర లేని చూయింగ్ గమ్, జైలిటాల్ బిళ్లలు మిగిలిన గ్రంథులను కదిలిస్తాయి. నిమ్మబద్ద చప్పరిస్తే నోరూరుతుందని కొందరు చెబుతారు, కానీ ఉమ్మి రక్షణ లేని పళ్లను ఆ పులుపు కరిగించేస్తుంది. కృత్రిమ లాలాజలం జెల్‌గా, స్ప్రేగా దొరుకుతుంది. పడుకునేముందు రాసుకుంటే రెండు మూడు గంటల నిద్ర పడుతుంది. దక్షిణ అమెరికా జబొరాండి మొక్క నుంచి వచ్చిన పైలోకార్పిన్‌ను 5 మిల్లీగ్రాముల చొప్పున రోజుకు మూడుసార్లు ఇస్తారు. రేడియేషన్ వల్ల నోరెండినవారికి వాడటానికి అమెరికాలో 1994లో అనుమతి వచ్చింది. గ్రంథిలో కొంతైనా జీవం మిగిలినవారికే పనిచేస్తుంది. చెమటలు విపరీతంగా పోస్తాయి. మన ఎండాకాలంలో అది చిన్న ఇబ్బంది కాదు. అదుపులో లేని ఆస్తమా, ఒక రకం గ్లకోమా ఉన్నవారు వాడకూడదు.

పళ్లు

ఉమ్మి పోతే పళ్లకు కాపలా పోయినట్టే. పులుపును విరిచే బైకార్బనేట్, పంటి పైపొరను రోజూ మరమ్మతు చేసే కాల్షియం, ఫాస్ఫేట్ అన్నీ ఉమ్మిలోనే ఉంటాయి. అవి లేని నోట్లో పుచ్చు ఎక్కడపడితే అక్కడ పడుతుంది. మామూలుగా పుచ్చని చోట్ల, అంటే చిగురు అంచునా, ముందుపళ్ల కొసల్లోనూ, కోరల మొనల మీదా మొదలై, మూడు నెలల నుంచే కనిపించి, ఏడాదిలో పన్ను మెడ దగ్గర పుటుక్కున విరుగుతుంది. నొప్పి తక్కువగా ఉండటంతో రోగి ఆలస్యంగా వస్తాడు.

దీనికి మందు ఫ్లోరైడ్. పళ్ల అచ్చు తీసి మెత్తటి ట్రే చేయించి, అందులో 1.1 శాతం న్యూట్రల్ సోడియం ఫ్లోరైడ్ జెల్ వేసి రోజూ రాత్రి అయిదు నిమిషాలు పెట్టుకోవాలి. ఉమ్మేయాలి, అరగంటదాకా ఏమీ తినకూడదు, తాగకూడదు. ట్రే కుదరకపోతే 5000 పీపీఎం ఫ్లోరైడ్ పేస్టు వాడవచ్చు. ఇది జీవితాంతం సాగే పని. నల్గొండ, ప్రకాశం జిల్లాలవాళ్లకు ఫ్లోరైడ్ అంటే వంగిపోయిన కాళ్లు, గోధుమరంగు పళ్లు గుర్తొస్తాయి. ఆ భయం న్యాయమైనదే. అయితే ఆ జబ్బు ఏళ్ల తరబడి నీళ్లతో మింగిన ఫ్లోరైడ్ వల్ల వచ్చింది, ఈ జెల్ పంటి మీద పనిచేసి, ఉమ్మేయగానే బయటికి పోతుంది. ఆ ప్రాంతపు రోగికి ఈ తేడా కూర్చోబెట్టి చెప్పకపోతే ట్యూబు అటకెక్కుతుంది.

దవడ పట్టేయడం

నోరు 35 మిల్లీమీటర్ల కన్నా తక్కువ తెరుచుకుంటే దవడ పట్టేసినట్టు. మూడు వేళ్లు నిలువుగా పట్టాలన్నది ఇంట్లో చూసుకునే కొలత. నమిలే కండరాల్లో నారలు పెరిగి బిగుసుకోవడం దీనికి కారణం. మన దేశంలో దీనికి ముందునుంచే పునాది ఉంటుంది. గుట్కా, వక్క నమిలి బుగ్గ లోపొర గట్టిపడిపోయిన యువకులకు రేడియేషన్‌కు ముందే నోరు రెండు వేళ్లే తెరుచుకుంటుంది. దాని మీద ఆపరేషన్, దాని మీద కరెంటు. చెంచా పట్టదు, బ్రష్ పట్టదు, దంతవైద్యుడి పనిముట్టు పట్టదు. తర్వాత అదే చోట క్యాన్సర్ తిరిగి వచ్చినా చూడటానికి వీలుండదు.

వ్యాయామం మొదటి వారం నుంచే చేయాలి. ధర చాలా ఎక్కువ ఉండే పరికరాలు ఉన్నాయి. ఐస్‌క్రీం పుల్లలతోనూ పని జరుగుతుంది. శుభ్రమైన పుల్లలను కట్టగా చేసి వెనకపళ్ల మధ్య పట్టినన్ని పెట్టాలి. కట్ట మధ్యలోకి ఇంకో పుల్లను మెల్లగా దూర్చాలి. లాగినట్టనిపించాలి, నొప్పి పుట్టకూడదు. అర నిమిషం ఉంచి తీయాలి. ఇలా అయిదారుసార్లు, రోజుకు మూడు నాలుగు పూటలు. పుల్లల సంఖ్యను క్యాలెండర్ మీద రాసుకుంటే రోగికీ తెలుస్తుంది, చూసే డాక్టరుకూ తెలుస్తుంది. ఒకసారి గట్టిపడ్డ నార మళ్లీ సాగడం కష్టం కాబట్టి ఇక్కడ నెలల ఆలస్యాన్ని తర్వాతి శ్రమ పూడ్చలేదు.

ఎముక

దవడ ఎముక పైన చిగురు తెరుచుకుని, మూడు నెలలు దాటినా మూసుకోకుండా, అక్కడ క్యాన్సర్ తిరిగి రాలేదని తేలితే దాన్ని ఆస్టియోరేడియోనెక్రోసిస్ అంటారు. ఎముక చచ్చిపోవడం అన్నమాట. పై దవడకు రక్తం బాగా అందుతుంది కాబట్టి కింది దవడకే ఎక్కువగా వస్తుంది, 60 గ్రేలు దాటినచోట ముప్పు పెరుగుతుంది. రక్తనాళాలు పూడిపోవడం, కణాలు తగ్గడం, ఆక్సిజన్ అందకపోవడం దీనికి మూలమని అమెరికా సర్జన్ రాబర్ట్ మార్క్స్ 1983లో వివరించాడు. అప్పటినుంచీ ఎక్కువ పీడనంతో ఆక్సిజన్ ఇచ్చే గదుల వాడకం ఈ జబ్బుకు పెరిగింది. పన్ను పీకేముందు ఆ గదిలో కూర్చోబెడితే ముప్పు తగ్గుతుందా అని బ్రిటన్‌లో జరిపిన హోపాన్ పరీక్ష 2019లో వెలువడింది. ఆక్సిజన్ ఇచ్చినవారిలో 6.4 శాతం, ఇవ్వనివారిలో 5.7 శాతం మందికి జబ్బు వచ్చింది. అంటే ముందు జాగ్రత్తగా అందరికీ ఆ ఖర్చు పెట్టించాల్సిన పని లేదు. ఫ్రెంచి పరిశోధకులు డెలానియన్, లెఫే ఈ జబ్బును కణజాలం నారగట్టడంగా చూసి, పెంటాక్సిఫిలిన్, విటమిన్-ఇ కలిపి నెలల తరబడి ఇచ్చే పద్ధతి తెచ్చారు. చాలాచోట్ల దీన్నే మొదట ప్రయత్నిస్తున్నారు. ఎముక విరిగితే ఆ భాగం తీసేసి, కాలి పక్క ఎముకను దాని రక్తనాళాలతో సహా తెచ్చి దవడగా అమర్చుతారు.

ఈ జబ్బు చాలాసార్లు ఒక పన్ను పీకడంతో మొదలవుతుంది. అది రేడియేషన్ అయిన ఏడాదికే కావచ్చు, పదిహేనేళ్లకూ కావచ్చు. ఎముకలో వచ్చిన మార్పు కాలంతో పోదు. అప్పటికి రోగి క్యాన్సర్ సంగతి మరిచిపోయి ఉంటాడు. సందు చివర దంత క్లినిక్‌లో "పన్ను కదులుతోంది, పీకెయ్యండి" అంటాడు, అక్కడి డాక్టరు కూడా అడగడు. 2007లో ఆరోగ్యశ్రీ మొదలయ్యాక పేద కుటుంబాలకు రేడియోథెరపీ అందడం పెరిగింది. హైదరాబాద్ ఎం.ఎన్.జె. ఆసుపత్రిలోనో, విశాఖలోనో చికిత్స పూర్తిచేసుకుని ఊరికి వెళ్లేవారి చేతిలో ఒక డిశ్చార్జి కాగితం ఉంటుంది. ఎన్ని గ్రేలు, ఏ వైపు, ఏ తేదీన ముగిసిందీ అందులో ఉంటుంది. దాన్ని లామినేషన్ చేయించి రేషన్ కార్డు, ఆధార్ కార్డు ఉంచే సంచిలోనే పెట్టుకోవాలి. పంటి డాక్టరు దగ్గరికి ఎప్పుడు వెళ్లినా, ఎన్నేళ్ల తర్వాత వెళ్లినా, నోరు తెరిచే ముందు ఆ కాగితం చూపించాలి.